బూడిదరంగు చొక్కా

ఆకుపచ్చ ఎక్కడిదని దారంతా ఆలోచిస్తూనే వచ్చాను. మధ్యాహ్నం నేను పనిచేసే కళ్ళద్దాల షాపులో ఎవరిదో ఫ్రేము ముక్కు దగ్గర వదులు చేస్తుంటే గ్యాలరీ మేడమ్ ఫోన్ చేసింది. లైట్లు బిగించడం అయిపోయిందట, ఒకసారి అన్నీ వేసి చూశారట. "ఆ పెద్ద బొమ్మలో ఆకుపచ్చ ఉంది చూడు, షో మొత్తాన్ని అదే నిలబెడుతోంది" అంది. నేను థాంక్సండీ అన్నాను, మెచ్చుకుంటున్న మనిషికి మధ్యలో అడ్డు తగలడం ఎందుకని. కానీ నా పెద్ద బొమ్మలో ఆకుపచ్చ లేదు. ఆ మాటకొస్తే ఉన్న పద్నాలుగింటిలోనూ ఎక్కడా లేదు, ఆకుపచ్చ ట్యూబు కొనే అవసరమే నాకు రాలేదు. ఈవిడ ఏడాదికి పాతికమంది బొమ్మలు చూస్తుంది కదా, ఇంకెవరిదో తెచ్చి నాకు అంటగట్టి ఉంటుందనుకున్నాను. బస్సులో నిలబడి, పైన కడ్డీ పట్టుకుని, నా వేళ్ళ సందుల్లో మిగిలిపోయిన రంగు చూసుకుంటూ, లేదే, ఎక్కడా లేదే అనుకుంటూనే ఉన్నాను. ఆరింటికి ప్రారంభం. ఇక్కడికొచ్చేసరికి అయిదూ పది. మేడమ్ పూలకి వెళ్ళిందట. హాల్లో నేను, నిచ్చెన మడుస్తున్న ఎలక్ట్రీషియను, గోడల మీద చీకట్లో నా బొమ్మలు. వెయ్యమంటారా అన్నాడు, వెయ్యండి అన్నాను, తీరా వేశాక చూస్తే ఎదురుగోడ మీద ఆరడుగుల చొక్కా ఆకుపచ్చగా ఉంది.

కాపలా మనిషి కూర్చునే స్టూలు ఒకటుంటే దాని మీద కూలబడ్డాను. కళ్ళు మూసి తెరిచాను, పక్కకి తిరిగి ఓరగా చూశాను, చెయ్యి అడ్డం పెట్టుకుని వేళ్ళ మధ్యనుంచి చూశాను, ఏం చేసినా ఆకుపచ్చే. లేత ఆకుపచ్చ కూడా కాదు, నీళ్ళ తొట్టి అడుగున పేరుకునే రంగు. "ఏమండీ, పసుపు వెలుగొచ్చే బల్బులేమైనా ఉన్నాయా, ఇళ్ళల్లో వాడేలాంటివి?" అని ఎలక్ట్రీషియన్ని అడిగితే అతను నావంక జాలిగా చూశాడు. "అవిప్పుడెక్కడివండీ. ఇక్కడన్నీ ఇవే. బొమ్మలకి ఇవే మంచివని మేడమ్ గారే తెప్పించారు. ఎందుకూ, బాగానే ఉంది కదా. ఆకుల రంగు, కంటికి హాయిగా ఉంది." "అది బూడిదరంగండీ" అన్నాను. అతను బొమ్మకేసి చూశాడు, నాకేసి చూశాడు, మళ్ళీ బొమ్మకేసి చూశాడు. "వేసినవాళ్ళు మీరు, మీకే తెలియాలి" అని నిచ్చెన భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు. తలుపు దానంతటదే మూసుకుంది.

నాకే తెలియాలి. నిజమే, తెలిసే చచ్చింది, కూర్చున్న రెండో నిమిషానికే తెలిసింది. మూడో అంతస్తులో నా గది, గదికి ఒక కిటికీ, కిటికీకి ఎదురుగా పక్కింటి గోడ, చెయ్యి చాపితే తగిలేంత దగ్గర. పగలంతా షాపు, ఇంటికొచ్చి ఏడింటికి బల్బు వేస్తే, ఆ పసుపుపచ్చ బల్బు కిందే ఏడు నెలలు. ఆ వెలుగులో నీలం చచ్చిపోయినట్టుంటుంది, కాబట్టి ఇంకాస్త కలిపాను. పసుపుమట్టి రంగు దాదాపు తెల్లగా ఉంటుంది, కాబట్టి అదీ ఇంకాస్త కలిపాను. నలుపు వాడకుండా బూడిదరంగు తేవాలని పంతం నాకు, నలుపు వేస్తే బట్ట బరువు తెలియదని. తలుపు వెనక కొక్కేనికి నాన్న పాత చొక్కా తగిలించి, కాన్వాసు పక్కన పెట్టుకుని, కుంచె కొన చొక్కాకి ఆనేంత దగ్గరగా పెట్టి రంగు సరిచూసుకుంటూ వేశాను. ఆ బల్బు కింద చొక్కా ఏదో బొమ్మ ఏదో నాకే తికమక పడేది. నీలంలో పసుపు పడితే ఏమవుతుందో ఒకటో తరగతి పిల్లనడిగినా చెబుతుంది. నేను అయిదేళ్ళు కాలేజీలో చదివి, పదేళ్ళు వేసి, ముప్ఫై మూడేళ్ళ వయసులో, ఇంత పని చేశాను. నిన్న గోడకెక్కించినప్పుడైనా తెలియాల్సింది, కానీ నిన్న ఈ లైట్లింకా రాలేదు, పనివాళ్ళ బల్బొకటి వేలాడుతోంది, అదీ పసుపే. బ్రోషరుకి ఫోన్‌తో ఫోటో తీశాను, ఆ ఫోన్‌కి ఏ రంగు కనబడినా తనకి తోచినట్టు దిద్దుకునే అలవాటు. ఎవరి మీదకి నెట్టినా నెట్టబడదు, ఇది నేను చేసిందే.

నాన్న ఇంకా బస్సులో ఉండి ఉంటాడు. రెండున్నర గంటల ప్రయాణం, అన్నయ్య వస్తానంటే వద్దన్నాడట, నాకు దారి తెలియదా అన్నాడట, వదిన ఫోన్ చేసి చెప్పింది, కిటికీ పక్క సీటులో కూర్చోబెట్టి కండక్టరుకి అప్పజెప్పామని. నా మొదటి సోలో షో. ఇంతకుముందు నా బొమ్మ ఒక్కటి కూడా నాన్న చూడలేదు. చూపించలేదు నేను. ఎందుకు చూపించలేదంటే, ఏ మాటకామాటే చెప్పుకోవాలి, భయం. ప్రపంచంలో ఎవరి కన్నుకీ నేను భయపడను, విమర్శకుల కళ్ళేం పాపం, బొమ్మ మీద కంటే టీ ట్రే మీద ఎక్కువుంటాయి. నాన్న కన్ను అలాంటిది కాదు. ముప్ఫై నాలుగేళ్ళు బట్టల కొట్లో కౌంటరు వెనక నిలబడ్డ కన్ను అది.

గుమ్మం దగ్గరికి పట్టుకెళ్ళి చూడండమ్మా. ఎన్ని వేలసార్లు విని ఉంటాను ఆ మాట. స్కూలు వదిలాక అమ్మ వచ్చేదాకా కౌంటరు కింద కూర్చునేదాన్ని, కత్తిరింపు ముక్కల మధ్య, నా తల మీదుగా తానులు విప్పుకునేవి, ఆ ధబధబ చప్పుడు. ఎవరైనా బట్ట తెచ్చి దానికి కలిసే లైనింగు కావాలంటే నాన్న పదిహేను ముక్కలు తీసి, అందులోంచి ఒకటి పట్టుకుని, "లోపల లైట్లని నమ్మకండి" అని గుమ్మం దాకా తీసుకెళ్ళేవాడు. బట్ట ఒక కొస కొనేవాళ్ళ చేతిలో, ఇంకో కొస నాన్న చేతిలో. ఇద్దరూ అలా ఎదురెదురుగా నిలబడి, మధ్యలో బట్ట వెలుతురులో పడుకుని ఉండేది. యజమానికి ఒళ్ళు మండేది, గుమ్మం దాకా వెళ్ళినవాళ్ళలో సగంమంది అటే పోతున్నారయ్యా అని. నాన్న తల వంచుకుని వినేవాడు, మర్నాడు మళ్ళీ గుమ్మం దగ్గరే. రంగు కలవకపోతే మొహంలో ఏమీ కనపడనిచ్చేవాడు కాదు, మడత పెట్టేసి "ఇంకోటి తీస్తానుండండి" అనేవాడు. కలిస్తే మాత్రం "తేడా లేదు" అనేవాడు. అంతే. బావుందనేవాడు కాదు. బావుందన్నది ఎవరైనా ఎవరికైనా అనే మాటని ఆయన లెక్క. నా చేతిలో రెండు ముక్కలు పెట్టి, తేడా ఉందా అమ్మలూ, అని అడిగేవాడు. ఉంది నాన్నా. ఏది ఎరుపు కొట్టింది? ఇది. శెభాష్. నేను నేర్చుకున్నదంతా ఆ కౌంటరు కిందే నేర్చుకున్నాను, కాలేజీలో దానికి పేర్లు చెప్పారు, అంతే. అలాంటి మనిషి కూతురు ఏడు నెలల్లో ఒక్కసారి కూడా గుమ్మం దగ్గరికి పట్టుకెళ్ళి చూడలేదు.

ఆ చొక్కా కొట్టువాళ్ళిచ్చిందే. ఏడాదికి రెండు, బూడిదరంగువి, జేబు మీద కొట్టు పేరు. కూర్చోవడానికి వీల్లేని కొలువు కాబట్టి ఆ చొక్కాలు వెనక ఎప్పుడూ నలిగేవి కావు, మోచేతుల దగ్గర మాత్రం వెలిసేవి. అదే వేద్దామనుకున్నాను నేను, ఆ వెలిసిన మోచెయ్యి. బొమ్మల గురించి రాసివ్వమనే స్టేట్‌మెంటులో ఏదో రాశాను, శ్రమ, దేహం, లేమి, ఏవేవో, అవి రాయకపోతే దరఖాస్తు ముందుకు కదలదు. అసలు సంగతి నాకు ఆ రంగు కావాలి. ఆ రంగు ఎదురుగా నాన్న నిలబడి తేడా లేదనాలి. ఇంత చిన్న కోరిక కోసం ఇన్నేళ్ళు తిరిగానా అంటే తిరిగాను. మొదటి గ్రూపు షోలో నా బొమ్మ నీళ్ళ కూలరు పక్కన పెట్టారు, వారం రోజులూ జనం నా బొమ్మకి వీపు పెట్టి నీళ్ళు తాగారు. తర్వాత ఒక కాఫీ షాపు గోడ, అక్కడ కుర్చీ జారి కాన్వాసుకి చిల్లు పడితే, అది కూడా బొమ్మలో భాగమేననుకున్నామండీ అన్నారు. ఎంపిక కమిటీలో ఒక పెద్దాయన నా స్లైడులు చూసి, అన్నీ ఉన్నాయమ్మా, మనిషే లేడు అన్నాడు. మనిషి కావాలంటే ఎక్కణ్ణుంచి తేవాలి, గదిలో ఉన్నది నేనొక్కదాన్నే. కాగితాల్లో వర్ధమాన చిత్రకారిణి అని రాస్తారు నా గురించి, పదేళ్ళుగా వర్ధమానంలోనే ఉన్నాను. ఇతరుల ప్రారంభోత్సవాలకి వెళ్ళి, గ్లాసు పట్టుకుని, పట్టుకోవడానికి గ్లాసుందన్న ధైర్యంతో గంట నిలబడి, ఎవరూ పలకరించక, గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక, ఒకసారి ఇంటికి తెచ్చేశాను. ఆ గ్లాసులోనే ఇప్పుడు కుంచెలు కడుగుతున్నాను.

అయిదూ ఇరవై ఐదు. బొమ్మ దించేద్దామా. నేనొక్కదాన్నే దించలేను. మూడో అంతస్తులోనూ అంతే కదా, గదిలోనే చట్రం బిగించాను, గదిలోనే కాన్వాసు సాగదీశాను, గోడకి ఆనించి వేశాను, అది ఆరడుగులు, నేను అయిదూ రెండు. ఒక మూల ఎత్తితే ఇంకో మూల నేల మీద గీసుకుపోతుంది. పక్క గదుల తలుపులెప్పుడూ మూసే ఉంటాయి, ఒకసారి కొట్టాను, లోపల టీవీ గొంతు తగ్గింది, ఎవరూ రాలేదు, మళ్ళీ పెరిగింది. ఆఖరికి సామాన్లు మోసేవాళ్ళు ఇద్దరొచ్చి లోపలే దుప్పట్లు చుట్టి, ప్లాస్టిక్కు చుట్టి, దించి, వ్యానెక్కించారు. ఏడు నెలల్లో ఆ బొమ్మకి ఎండ తగల్లేదు. నాకూ పెద్దగా తగల్లేదు.

మేడమ్‌కి ఆకుపచ్చ నచ్చింది. రేపు రాసేవాళ్ళకీ అదే నచ్చుతుంది, పాచి పట్టిన జ్ఞాపకమనో ఏదో రాస్తారు, నేను నోరు మూసుకుంటే చాలు. కానీ నాన్న. గుమ్మంలోంచే కనిపెట్టేస్తాడు, ఏమీ అనడు, అనకుండా చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడతాడు, ఆ నిలబడటం చూడలేను నేను. అని అనుకుంటూ ఉండగానే గుర్తొచ్చింది, ఆయన కనిపెట్టలేడు. రెండు కళ్ళల్లోనూ శుక్లాలు. వచ్చే బుధవారం మొదటి కంటికి ఆపరేషను. మా షాపుకి ఒకావిడ వచ్చింది ఆ మధ్య, ఒక కన్ను అయింది, ఇంకోటి కాలేదు, అద్దాలు తుడిచే తెల్ల గుడ్డ నా చేతిలోంచి లాక్కుని, ఒక కన్ను మూసి చూసింది, రెండోది మూసి చూసింది. "ఈ కంటికి తెలుపు, ఈ కంటికి టీ మరక. ఇన్నేళ్ళూ టీ మరక చూసి తెలుపనుకున్నానమ్మా" అని అక్కడే కుర్చీలో కూర్చుని ఏడ్చింది. శుక్లం ముదిరిన కంటికి లోకమంతా పసుపు బల్బు కిందే ఉంటుంది. నా బల్బు. నేను వేసినట్టుగా ఆ బొమ్మ కనబడే మనిషి ప్రపంచంలో ఒకే ఒక్కడుంటే, అది నాన్నే, అదీ వచ్చే బుధవారం దాకానే. సంతోషం వేసింది, దాచుకోను, గుండె లోపల గంతేసినంత సంతోషం. వెంటనే సిగ్గేసింది.

తలుపు తోసిన చప్పుడుకి లేచి నిలబడ్డాను. నాన్న. ఆరింటికి రమ్మంటే అయిదున్నరకే వచ్చే మనిషి. ఒక చేతిలో సంచి, ఇంకో చెయ్యి గాల్లో ముందుకి చాపి, గోడ ఎక్కడుందో వెతుక్కుంటున్నట్టు. ఒంటి మీద బూడిదరంగు చొక్కా. "ఇదేంటి నాన్నా, మంచిది వేసుకుని రాకుండా" అన్నాను, వేరే మాట నోటికి రాలేదు. "మీ వదినా అదే పోరు పెట్టింది. ఏదో చొక్కా బొమ్మ వేశానన్నావుగా. పక్కన పెట్టి చూడొచ్చని ఇదే వేసుకొచ్చా." నేను సంచి అందుకోబోతే ఇవ్వలేదు. చిన్న బొమ్మల ముందునుంచి ఒక్కొక్కటిగా నడిచాడు, ముక్కు కాన్వాసుకి తగిలేంత దగ్గరగా వంగి, ఒక్కోదాని ముందు ఒక్కో శ్వాస. మా పాత ఇంటి మెట్ల బొమ్మ ముందు మాత్రం "మూడో మెట్టు విరిగింది కదూ" అన్నాడు, "అవును నాన్నా" అన్నాను. పెద్ద బొమ్మ ముందుకొచ్చి ఆగిపోయాడు.

సంచి కింద పెట్టాడు. కుడిచెయ్యి ఎత్తి, మోచేతి దగ్గరి గుడ్డని రెండు వేళ్ళతో లాగి, కాన్వాసుకి అంగుళం దూరంలో పట్టుకున్నాడు, కొట్లో లైనింగు ముక్క పట్టుకున్నట్టే. ఆ తెల్ల లైట్ల కింద చొక్కా బూడిదరంగు, పక్కన బొమ్మ ఆకుపచ్చ, రోడ్డు మీద పోయే గుడ్డివాడు తప్ప ఎవరైనా చెప్పేస్తారు, ఆ మాట మనసులో అనుకుని నాలుక కరుచుకున్నాను. చాలాసేపు చూశాడు. తల ఇటు వంచి, అటు వంచి. హాల్లో ఎక్కడో లైటు సన్నగా గుయ్యిమంటోంది. "తేడా లేదు" అన్నాడు.

అన్నాడు. నేను విన్నాను. కౌంటరు కింద కూర్చున్న రోజులనుంచీ నాకోసం అంటాడేమోనని చూస్తున్న మాట, నా పేరు మీద, నా బొమ్మ ముందు, నాన్న నోటితో. ఊరుకుంటే సరిపోతుంది. ఊ అంటే సరిపోతుంది. బుధవారం తర్వాత బాగయిన కన్నుతో మళ్ళీ రాకుండా ఏదో చెప్పి ఆపొచ్చు, షో మూడు వారాలే, ఎండలో తిరగకు నాన్నా, దుమ్ము పడుతుంది నాన్నా. ఆయన ఈ మాటతోనే ఇంటికెళ్తాడు, నేను ఈ మాటతోనే గదికెళ్తాను. కానీ ముప్ఫై నాలుగేళ్ళు యజమాని చేత తిట్లు తింటూ జనాన్ని గుమ్మం దాకా తీసుకెళ్ళిన మనిషికి నేను లోపలి లైటు కింద బట్ట అంటగట్టి పంపుతున్నానా.

"తేడా ఉంది నాన్నా" అన్నాను. "బొమ్మ ఆకుపచ్చ కొట్టింది. నీ కళ్ళకి తెలియట్లేదు. పసుపు బల్బు కింద వేశాను, రంగు తప్పింది."

నాన్న చెయ్యి దించలేదు. చొక్కాకేసి చూశాడు, బొమ్మకేసి చూశాడు. "ఆకుపచ్చా" అన్నాడు మెల్లగా. తర్వాత నావైపు తిరిగాడు, నా మొహం ఎక్కడుందో కొంచెం వెతుక్కుని. కోపం లేదు ఆ గొంతులో, నిజంగా అర్థంకాక అడిగినట్టుంది. "మరి గుమ్మం దగ్గరికి పట్టుకెళ్ళి చూసుకోలేదా అమ్మలూ?"

"ఒక్కదాన్నే కదా నాన్నా" అన్నాను. "పెద్దది. అటు పట్టుకునేవాళ్ళు లేరు."

అనేశాక గాని తెలియలేదు నేనేమన్నానో. ఫోన్ చేసినప్పుడల్లా ఎలా ఉన్నావంటే బానే ఉన్నాననే చెప్పాను, ఈ ఊరొచ్చిన ఏడేళ్ళూ. బానే ఉన్నాను, తిన్నాను, పడుకుంటున్నాను, గది బానే ఉంది, గాలీ వెలుతురూ బానే ఉన్నాయి. నాన్న కళ్ళు రెండుసార్లు ఆర్పాడు. చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి, బొమ్మ ఎడమ అంచు దాకా గోడ తడుముకుంటూ వెళ్ళి, చట్రం కింద చెయ్యి పెట్టాడు. "ఎత్తు" అన్నాడు.

"వద్దు నాన్నా, బరువు, కాసేపట్లో జనం వస్తారు." "తానుల కంటే బరువా. నువ్వు ముందు నడు. నాకు దారి చెబుతూ ఉండు." కొక్కేలనుంచి పైకి లేపాం. ఇటు నేను, అటు నాన్న. వెనక్కి నడుస్తూ, కుడికి నాన్నా, కొంచెం కుడికి, మెట్టొకటుంది చూసుకో, అని నేను చెబుతుంటే, ఊ, ఊ, అంటూ వచ్చాడు. ఆరడుగుల కాన్వాసు ఇంత తేలిగ్గా ఉంటుందని నాకు తెలియదు. తలుపుని వీపుతో తోసి, మెట్టు దాటి, గుమ్మంలో నిలబెట్టాం. బయట ఎండ ఇంకా ఉంది, రోడ్డు అవతల సైకిల్ షాపు మీద, దాని రేకుల మీద, మా ఇద్దరి చేతుల మీద. ఏడు నెలల తర్వాత దానికి ఎండ తగిలింది.

నాన్న మళ్ళీ మోచెయ్యి బొమ్మకి దగ్గరగా పెట్టాడు. "నా మాట పనికిరాదిప్పుడు. నువ్వు చెప్పు. తేడా ఉందా?"

ఉంది నాన్నా. "ఏ రంగు కొట్టింది?" ఆకుపచ్చ. నీలం ఎక్కువైంది, పసుపూ ఎక్కువైంది. మోచెయ్యి దగ్గర మాత్రం, కొద్దిగా, కలిసింది. "ఎంత మేర?" అరచెయ్యంత, అన్నాను. నాన్న తల ఊపాడు, చెప్పింది మనసులో రాసుకుంటున్నట్టు. అప్పుడే మేడమ్ కారు దిగింది, చేతుల నిండా తెల్లపూలు, మమ్మల్ని చూసి గుమ్మం ముందే ఆగిపోయి, అయ్యో ఇదేంటి, బొమ్మ బయటికెందుకు తెచ్చారు, ఇంకో పది నిమిషాల్లో అందరూ వచ్చేస్తారు అంది. నేను నోరు తెరిచేలోపే నాన్న ఆ గొంతు వచ్చినవైపు తిరిగి, ముప్ఫై నాలుగేళ్ళు కొనేవాళ్ళతో మాట్లాడిన గొంతుతో, "రంగు చూసుకుంటున్నామమ్మా, ఒక్క నిమిషం" అన్నాడు.

తర్వాత నాకు మాత్రమే వినబడేలా, చట్రం వదలకుండా, "సరే, ఇంకోటి తీయి" అన్నాడు. "అయ్యాక చెప్పు. నేనొచ్చి అటు పట్టుకుంటా."